నీరుగంటి వాటా

అనంతసాగరం చెరువు కట్ట మీద సాయంత్రం పూట ఫోన్‌కి సిగ్నల్ బాగా అందుతుంది. ఆత్మకూరులో డిగ్రీ చదివే మా అక్క కొడుకు సెలవులకి ఊరికొస్తే ఆ వేళకి అక్కడే ఉంటాడు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాడు. అవతల మనిషి ఉండడు. నోటి మాటని తెలుగు అక్షరాలుగా మార్చే యాప్ ఒకటి ఇంకా జనంలోకి రాకముందే వాడి చేతికి వచ్చింది. అది ఎక్కడెక్కడ తడబడుతోందో కనిపెట్టి కంపెనీకి రాసి పంపడం వాడు ఒప్పుకున్న పని.

ఒకనాడు పక్కన కూర్చుని చూశాను. "చెరువులో నీళ్లు రొంత తగ్గినాయి" అన్నాడు. తెర మీద "చెరువులో నీళ్లు వంట తగ్గినాయి" అని పడింది. నిదానంగా మళ్లీ అన్నాడు. ఈసారి "రెండు తగ్గినాయి" అని పడింది. రొంత అంటే కొంచెం. నెల్లూరు జిల్లా పడమటి పల్లెల్లో ఆ మాట నోట రాకుండా పొద్దు గడవదు. ఆ యాప్‌కి మాటలు నేర్పిన గొంతుల్లో మా వైపు గొంతు ఒక్కటీ ఉన్నట్టు లేదు.

వాడు వెంటనే నివేదిక రాయలేదు. ముందు ఇంటికొచ్చి, తలుపులేసి, ఫ్యాను ఆపి మళ్లీ చెప్పి చూశాడు. కట్ట మీద గాలి చప్పుడు వల్ల కాదని తేల్చుకున్నాడు. వాళ్లమ్మ చేత చెప్పించాడు, నా చేత చెప్పించాడు. ముగ్గురి నోటా తప్పే పడింది. అప్పుడు రాశాడు. ఏం చేశాను, ఏం రావాలి, ఏం వచ్చింది అని మూడు ముక్కలు. కింద ఫోన్ మోడలు, యాప్ వెర్షను, పదిసార్లు చెబితే ఎన్నిసార్లు తప్పిందో లెక్క. ఒక్క మాటకి ముప్పావు గంట పట్టింది.

పంపేశాక నా వైపు తిరిగి అన్నాడు: "మామా, అమ్మేమో దీనికి ఎంతిస్తారంట అని అడగతా ఉంది. ఏమీ ఇవ్వరంటే, మరెందుకురా నీకా తిప్పలు అంటా ఉంది. ఏం చెప్పేది?"

మా అక్క అడిగింది న్యాయమైన ప్రశ్న. లోకంలో చాలా పెద్ద కంపెనీలు, కోర్టులు, ఆర్థికవేత్తలు తలపట్టుకున్న ప్రశ్న కూడా అదే.

సాఫ్ట్‌వేర్‌ని రాసినవాళ్లే పరీక్షించుకుంటే సరిపోదా అని కొందరికి అనిపించవచ్చు. సరిపోదు. దారి వేసినవాడు ఆ దారినే నడుస్తాడు. గట్టు దిగి అడ్డంగా పొలంలో పడి నడిచేవాడికే ముల్లు గుచ్చుకుంటుంది. అందుకే కంపెనీ లోపల జరిగే మొదటి పరీక్ష తర్వాత బయటివాళ్ల చేతికి ఇచ్చి చేయించే రెండో పరీక్ష ఉంటుంది. మొదటిది ఆల్ఫా, రెండోది బీటా. ఈ రెండో విడతలో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే.

ఎంతమంది చూస్తే ఎన్ని లోపాలు బయటపడతాయో లెక్క కట్టినవాళ్లున్నారు. 1993లో జేకబ్ నీల్సన్, థామస్ లాండౌర్ అనే పరిశోధకులు, వాడకంలో ఎదురయ్యే లోపాల్లో ఒక్క మనిషి సగటున 31 శాతం పట్టుకుంటాడని తేల్చారు. రెండో మనిషి చూసేవాటిలో కొన్ని మొదటివాడు చూసినవే కాబట్టి ఇద్దరూ కలిస్తే 62 కాదు, 52 శాతం. ముగ్గురైతే 67. ఐదుగురైతే 84. అక్కడి నుంచి ఎంతమందిని చేర్చినా లాభం తగ్గుతూ పోతుంది. అందుకే ఐదుగురు చాలు అనే మాట ఆ రంగంలో స్థిరపడిపోయింది.

ఆ లెక్కలో నాకు ముఖ్యంగా కనిపించే సంగతి ఒకటుంది. 31 అనేది సగటు. ఒక్కో లోపానికి దొరికే అవకాశం ఒక్కో రకంగా ఉంటుంది. పరీక్షించేవాళ్లంతా అమెరికాలో ఇంగ్లిషులో టైపు చేసేవాళ్లే అయితే, తెలుగు రాస్తేనే బయటపడే లోపానికి ఆ అవకాశం సున్నా. సున్నాని ఐదుతో హెచ్చించినా, ఐదు వేలతో హెచ్చించినా సున్నానే. అక్కడ తెలుగు రాసే ఒక్క మనిషి కూర్చుంటే లెక్క మొత్తం మారిపోతుంది. ఆ మనిషి చేసే పనిని గంటలతో కొలవడం ఎట్లా? అతను ఎక్కడ పుట్టాడు, ఏం మాట్లాడతాడు అన్నదే అక్కడ విలువ.

2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఈ సంగతి చూసింది. తెలుగు అక్షరం ‘జ్ఞా’ ఉన్న సందేశం అందగానే ఐఫోన్లు చతికిలబడ్డాయి. సందేశాల యాప్ తెరుచుకునేది కాదు. ఆ అక్షరం నోటిఫికేషన్‌గా వస్తే కొన్ని ఫోన్లు పదేపదే ఆగి మొదలయ్యేవి. ఐప్యాడ్, మ్యాక్, ఆపిల్ వాచీ కూడా దాని బారిన పడ్డాయి. మన ‘విజ్ఞానం’ మధ్యలో ఉండే అక్షరం అది.

అసలేం జరిగిందంటే, మన కంటికి ఒక్కటిగా కనిపించే ‘జ్ఞా’ కంప్యూటరుకి ఒక్కటి కాదు. జ, దాని మీద పొల్లు, తర్వాత ఞ, ఆపైన దీర్ఘం అని నాలుగు సంకేతాలు వరసగా వస్తాయి. ఏది ఎక్కడ కూర్చోవాలో, ఏది ఒత్తుగా కిందికి దిగాలో తేల్చి బొమ్మ గీసే పని ఫోన్ లోపలి ప్రోగ్రాముది. మామూలు ‘జ్ఞా’తో ఏ ఇబ్బందీ లేదు. ఐఫోన్‌ని పడగొట్టిన వరసలో ఞకీ దీర్ఘానికీ మధ్య ఐదో సంకేతం ఒకటి చేరింది. కంటికి కనిపించదు. పక్కపక్క అక్షరాలని కలపవద్దని చెప్పే గుర్తు అది. తెలుగు టైపింగులో ‘సాఫ్ట్‌వేర్’ అని రాయాలన్నా అదే గుర్తు కావాలి. అంటే తెలుగువాళ్లకి రోజూ పనిపడేదే. అది అనుకోని చోట తగిలేసరికి బొమ్మ గీసే ప్రోగ్రాము కూలింది. ఆపిల్‌తో సంబంధం లేని ఇంజనీరు మనీష్ గోరెగావ్‌కర్ ఆ వరసని విడదీసి పరిశీలించి, బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా ఇలాంటి కూర్పులు అదే పని చేస్తున్నాయని చూపించారు. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. అప్పటికే పరీక్షలో ఉన్న 11.3 బీటాలో ఆ లోపం లేదు.

అప్పటికి ఆపిల్‌కి లోపాలు పట్టిచ్చినవాళ్లకి డబ్బిచ్చే పథకం ఉంది. 2016లో రెండు లక్షల డాలర్ల దాకా ఇస్తామని ప్రకటించారు. అయితే ఆహ్వానం అందుకున్న కొద్దిమంది పరిశోధకులకే అది వర్తించేది. 2019 డిసెంబరులో అందరికీ తెరిచి, పై పరిమితిని పది లక్షల డాలర్లకి పెంచారు. బీటా వెర్షన్‌లోనే భద్రతా లోపం పట్టుకుంటే బహుమతికి మరో 50 శాతం అదనంగా ఇస్తామన్నారు. ఎందుకంటే జనం చేతికి పోకముందే దొరికిన లోపం కంపెనీకి చాలా చౌక. అదే కంపెనీ తన బీటా కార్యక్రమంలో చేరే మామూలు వాడకందార్లకి మాత్రం ప్రతిఫలం ఏమీ ఉండదని సూటిగా చెబుతుంది. లోపం పట్టుకున్న కళ్లు ఒకలాంటివే. దొంగ దూరే సందు దొరికితే బంగారం, తెలుగు అక్షరం దగ్గర తడబాటు దొరికితే థాంక్స్ కూడా లేదు. ఈ తేడా నాకు మింగుడుపడదు.

ఒకప్పుడు పరీక్షించేవాళ్లే కంపెనీకి డబ్బు కట్టిన సందర్భాలున్నాయి. 2000 సెప్టెంబరులో ఆపిల్ తన కొత్త మ్యాక్ ఓఎస్ ఎక్స్ బీటాని 29 డాలర్ల 95 సెంట్లకి అమ్మింది. జనం కొనుక్కుని మరీ పరీక్షించి, లోపాలు రాసి పంపారు. మరుసటి ఏడాది అసలు వెర్షను వచ్చినప్పుడు వాళ్లకి ధరలో 30 డాలర్లు తగ్గించారు. కట్టింది తిరిగొచ్చింది, పనికి మాత్రం కూలి లేదు. 1995 అక్టోబరులో నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజరు బీటాలో లోపాలు పట్టిస్తే బహుమతులిస్తామని ప్రకటించడం అప్పట్లో వింతగా అనిపించింది. ఈనాటి బహుమతి పథకాలకి దారి చూపింది అదే.

డబ్బు కంటే ముందు, అసలు వినే చెవి కావాలి. 2019 జనవరిలో అమెరికాలోని ఆరిజోనాలో 14 ఏళ్ల కుర్రాడు స్నేహితులతో ఫేస్‌టైమ్ గ్రూపు కాల్ కలుపుతూ, అవతలివాళ్లు ఫోన్ ఎత్తకముందే వాళ్ల మాటలు వినబడుతున్నాయని గమనించాడు. వాళ్లమ్మ వారం పైగా కంపెనీకి రాస్తూనే ఉంది. విషయం పత్రికలకెక్కాక గానీ కదలిక రాలేదు. ఫిబ్రవరిలో లోపం సరిచేసి, ఆ కుర్రాడి పేరు ప్రకటనలో వేసి, కుటుంబానికి డబ్బిచ్చి, చదువుకి కూడా సాయం చేశారు. పరీక్షకుడిగా ఎక్కడా పేరు రాయించుకోని పిల్లాడు వాడు.

ఇక మా ఊరి సంగతికి వస్తాను. మా ఊరి పేరులోనే సాగరం ఉంది. ఈ సీమలో పెద్ద చెరువుకి సాగరమని, సముద్రమని పేరు పెట్టడం పాత అలవాటు. మా మండలంలోనే పెన్న మీద సోమశిల జలాశయం ఉన్నా, చెరువు మీద ఉండే మమకారం వేరు. చెరువుకి కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, నీళ్లెక్కువైతే పొర్లిపోయే కలుజు ఉంటుంది. వీటన్నిటికీ కాపలా ఉండే మనిషి నీరుగంటి. ఏ పొలానికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూడటంతో పాటు, కట్ట వెంబడి నడిచి లోపం కనిపెట్టడం కూడా అతని పనే.

కట్టకి ప్రమాదం పైనుంచి కన్నా లోపలినుంచి ఎక్కువ. ఎండ్రకాయో ఎలుకో తొలిచిన బొరియలోంచి నీళ్లు మెల్లగా ఊరుతాయి. ఊట చూసిన ప్రతివాడూ కంగారుపడనక్కర్లేదు. తేట నీళ్లు వస్తుంటే కట్ట గట్టిగానే ఉన్నట్టు. నీళ్లు బురదరంగుకి తిరిగితే లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. మట్టి పోయినకొద్దీ బొరియ వెడల్పవుతుంది, వెడల్పయినకొద్దీ నీళ్లు వేగం పుంజుకుని ఇంకా మట్టిని లాక్కొస్తాయి. చూస్తుండగా గండి పడుతుంది. తేటకీ బురదకీ తేడా చెప్పగలిగిన కన్ను ఊరిని కాపాడుతుంది. మా వాడు ఫ్యాను ఆపి, ముగ్గురి చేత చెప్పించి, గాలి వల్ల కాదని తేల్చుకున్న పని అదే జాతిది. లోపం ఉందని అరవడం తేలిక. అది ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో విడదీసి చెప్పడమే నైపుణ్యం.

నీరుగంటికి ఊరు ఊరికే పని చేయించుకోలేదు. పంట కళ్లంలో రాశి పోశాక అతని మేర అతనికి కొలిచి పెట్టేవాళ్లు. పంట బాగా పండితే అతనికీ ఎక్కువే. చెరువు తవ్వించినవాళ్లకీ, మరమ్మతు బాధ్యత మోసేవాళ్లకీ దశబంధం పేరిట మాన్యాలు రాసిచ్చిన శాసనాలు రాయలసీమలో చాలా ఉన్నాయి.

లోపాల జాబితా రాసి పెట్టుకోవడం కూడా మనకి కొత్త కాదు. ఉదయగిరి కేంద్రంగా ఈ సీమని ఏలిన భాస్కర భవదూరుడు విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు. కొండలకి అవతల, ఇప్పటి కడప వైపున్న పోరుమామిళ్లలో 1369లో ఆయన పెద్ద చెరువు కట్టించాడు. పేరు అనంతరాజసాగరం, మా ఊరి పేరుకి దగ్గరగా ఉన్నా చెరువు వేరు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశారని అక్కడి శాసనం చెబుతుంది. చెరువుకి ఉండాల్సిన 12 అంగాలనీ, ఉండకూడని 6 దోషాలనీ అదే శాసనంలో చెక్కించారు. కట్టలోంచి నీళ్లు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్యలో మెరక, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లెక్కువై ఆయకట్టు తక్కువ కావడం. ఆరున్నర శతాబ్దాల కిందట రాతి మీద ఎక్కిన తనిఖీ పట్టిక అది. నీటి శాస్త్రం తెలిసిన మనిషినీ, పనితనం ఉన్న మనుషులనీ ఆ 12 అంగాల్లోనే లెక్కపెట్టారు. తెలిసినవాడు కూడా చెరువులో భాగమే అన్నమాట.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. కుడిమరమ్మతు. ఏడాదికోసారి రైతులంతా పార పలుగు పట్టుకొచ్చి కట్టకి మట్టి వేసేవాళ్లు, కాలవల్లో పూడిక తీసేవాళ్లు. దానికి కూలి లేదు, ఎవరూ అడగలేదు కూడా. నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఈ ఆనవాయితీ ఎంత ముఖ్యమో గుర్తించి, 1858లో దానికి చట్టం వెన్నుదన్ను కూడా ఇచ్చారు. ఊరికే పనిచేయడానికి ఆ రైతు ఎందుకు ఒప్పుకున్నాడంటే, ఆ నీళ్లు తన మడిలోకే వస్తాయి కాబట్టి.

నా ఆలోచన అంతా ఈ రెండు పద్ధతుల మధ్యే తిరుగుతోంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో తప్పులు దిద్దేవాళ్లకి ఎవరూ జీతం ఇవ్వరు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తేవడానికి ఏళ్ల తరబడి పనిచేశారు. పాత తెలుగు పుస్తకాల్లో కనిపించే నకారపొల్లుకి యూనికోడ్‌లో చోటు లేకపోతే, ఆధారాలు వెతికి ప్రతిపాదన రాసింది ఔత్సాహికులే. 2021లో 14వ వెర్షన్‌లో దానికి చోటు దక్కింది. ఇదంతా కుడిమరమ్మతు. అందులోంచి వచ్చిన నీళ్లు అందరి మళ్లకీ పారతాయి, తాళం వేసే హక్కు ఎవరికీ లేదు. అక్కడ కూలి అడగనక్కర్లేదు, పేరు రాస్తే చాలు. మా వాడు పరీక్షించే యాప్ అట్లా కాదు. రేపు అది నెలకింతని చందా కట్టించుకుంటుంది. రొంత అన్న మాట నేర్పినవాడే రొంత అని పలకడానికి డబ్బు కట్టాలి. చెరువు ఒక్కరిదైనప్పుడు, కట్ట మీద నడిచేవాడికి మేర పెట్టాల్సిందే.

దీనికి ఎదురుగా వినిపించే వాదం ఒకటుంది, తేలిగ్గా తీసేయదగింది కాదు. డబ్బు వస్తే ఇష్టం పోతుందంటారు. ఊరి గ్నీజీ, ఆల్డో రుస్టికీనీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2000లో అచ్చువేసిన ప్రయోగం చూడండి. ఇజ్రాయెల్‌లో హైస్కూలు పిల్లల్ని మూడు జట్లు చేసి, ఇంటింటికీ తిరిగి విరాళాలు పోగుచేయమన్నారు. ఒక జట్టుకి ఏమీ ఇవ్వలేదు. ఒక జట్టుకి పోగైనదాన్ని బట్టి 1 శాతం, ఇంకో జట్టుకి 10 శాతం ఇస్తామన్నారు. అందరికన్నా ఎక్కువ తెచ్చింది ఏమీ తీసుకోని జట్టు. తర్వాత 10 శాతం జట్టు. అందరికన్నా వెనకబడింది 1 శాతం జట్టు. తగినంత ఇవ్వండి, లేదా అసలు ఇవ్వకండి అన్నది వాళ్ల నిర్ణయం. కంపెనీలు ఈ ప్రయోగంలో రెండో సగాన్నే పట్టుకుంటాయి. మొదటి సగం చదివితే, ముష్టి వేసినట్టు వేయకుండా తగినంత ఇమ్మని కూడా అందులోనే ఉంది. పైగా అక్కడ పోగైంది ధర్మానికి, ఇక్కడ పోగయ్యేది వ్యాపారానికి.

చిన్న మొత్తం కూడా గౌరవంగా ఇవ్వొచ్చని డొనాల్డ్ క్నూత్ చూపించారు. కంప్యూటర్ శాస్త్రంలో పెద్ద పేరున్న ఆచార్యుడాయన. తన పుస్తకాల్లో ఏ తప్పునైనా మొదట పట్టినవాళ్లకి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు రాసి, సంతకం చేసి పంపేవారు. తను రాసిన టెక్ అనే అక్షర కూర్పు ప్రోగ్రాములో తప్పు పడితే ఇచ్చే బహుమతిని రెట్టింపు చేసుకుంటూ పోయి 327 డాలర్ల 68 సెంట్ల దగ్గర ఆపారు. ఆ చెక్కుల్ని చాలామంది బ్యాంకులో వేయకుండా గోడకి తగిలించుకున్నారు. తప్పు చూపడం కాకుండా మంచి సలహా ఇస్తే ఆయన 32 సెంట్లు ఇచ్చేవారు. పనికీ ఆలోచనకీ విడివిడిగా వెల కట్టి, ముందే ప్రకటించి, ఎవరికైనా ఒకే వెల ఇచ్చిన మనిషి ఆయన. ఆ నిజాయితీ దగ్గరే నాకు దారి కనిపిస్తుంది.

ఆలోచనల సంగతి నిజంగా చిక్కే. సముదాయింపుగా చెప్పను: ‘ఈ మీట ఇక్కడుంటే బాగుంటుంది’ అని ఒకడు రాసేసరికి అదే మాట ఇంకా పదిమంది రాసి ఉంటారు. ఎవరిది ముందు? చట్టం కూడా ఆలోచనకి అండగా నిలవదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో, తన నాటకాన్ని సినిమాగా తీశారని రచయిత వాదించినప్పుడు, కాపీరైటు రూపానికే గానీ భావానికి ఉండదని మన సుప్రీంకోర్టు చెప్పింది. మన పేటెంట్ చట్టం 3(కె) సెక్షను ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాముకి పేటెంటు రాదు. అడగకుండా పంపిన ఆలోచన ఏ ప్రతిఫలం లేకుండా తమదైపోతుందని ఆపిల్ తన నియమాల్లో రాసే పెట్టుకుంది. కాబట్టి ఆలోచనకి హక్కుగా డబ్బు రాదు. అయితే కంపెనీ అడిగి మరీ తీసుకుని, అమలు చేసిన సలహాకి పేరు, ముందే చెప్పిన వెల ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డు కాదు.

పనికి మాత్రం చట్టంలో చోటుంది. భారత కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. ఊరికే చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు ఇంకొకరికి న్యాయంగా ఒక పని చేసి పెడితే, ఆ లాభం అనుభవించినవాడు ప్రతిఫలం ఇవ్వాలని దాని 70వ సెక్షను. ఊరికే చేయాలన్న ఉద్దేశం అన్నచోటే అసలు కిటుకు. బీటా యాప్ దించుకునేటప్పుడు కనిపించే పొడుగాటి ఒప్పందం కింద ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కితే, ఊరికే చేస్తున్నానని మనమే రాసిచ్చినట్టు. మా వాడు ఆ ఒప్పందం చదవలేదు. నేను చదివాను. ప్రతిఫలం ఉండదన్న వాక్యం కింద నుంచి నాలుగో పేరాలో ఉంది. అదే చట్టం 25వ సెక్షను ఇంకో మాట కూడా చెబుతుంది: స్వచ్ఛందంగా ఇదివరకే చేసిన పనికి తర్వాత ఇస్తానని ఎవరైనా మాటిస్తే, ఆ మాట చెల్లుతుంది. ఇవ్వదలిచిన కంపెనీకి దారి మూసుకుపోలేదు.

స్వచ్ఛందం అన్న మాట ఎక్కడిదాకా సాగుతుందో అమెరికాలో ఒక కేసు తేల్చబోయింది. అమెరికా ఆన్‌లైన్ కంపెనీ వేలమంది స్వచ్ఛంద కార్యకర్తల చేత తన చాట్ గదులు నడిపించుకుంది. బదులుగా ఉచిత ఖాతా ఇచ్చేది. రానురాను వాళ్లకి వేళలు పెట్టారు, శిక్షణ పెట్టారు, నివేదికలు రాయమన్నారు. అప్పుడు 1999లో, మాది ఉద్యోగమే, కనీస వేతనం ఇవ్వమని కొందరు కోర్టుకెక్కారు. పదేళ్ల పైన నడిచి 2010లో కోటిన్నర డాలర్లకి రాజీ కుదిరింది. కోర్టు తీర్పు రాలేదు గానీ, గీత ఎక్కడుందో జనానికి తెలిసింది. నీకు తోచినప్పుడు చూడు అంటే స్వచ్ఛందం. ఈ వారం ఈ ఇరవై వాక్యాలు చదివి ఆదివారంలోగా పంపు అంటే అది పని.

మా వాడికి మూడో నెల నుంచి వస్తున్నవి రెండో రకం మెసేజీలే.

మరి గొంతుకి, యాసకి వెల కట్టడం కుదిరేదేనా? కుదిరిందే. బెంగళూరులో 2021లో మొదలైన కార్య అనే సంస్థ పల్లె జనం చేత వాళ్ల భాషల్లో మాటలు చదివించి, రికార్డు చేయించి, కంపెనీలకి అమ్ముతుంది. గంటకి సుమారు 5 డాలర్ల చొప్పున ఇస్తుందని 2023లో టైమ్ పత్రిక రాసింది. అదే సమాచారం మళ్లీ అమ్ముడైతే, ఇచ్చినవాళ్లకి మళ్లీ వాటా అందే ఏర్పాటు చేసింది. రాశి మళ్లీ పోసినప్పుడు మేర మళ్లీ కొలవడమే ఇది. నీరుగంటి లెక్క ఈ కాలానికి పనికిరాదనేవాళ్లు దీన్ని చూడాలి.

నా తీర్పు నేను దాచుకోను. అందరిదీ అయిన సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించేవాళ్లకి డబ్బు అక్కర్లేదు. వాళ్ల పేర్లు మాత్రం చెరగకుండా ఉండాలి. అమ్ముకునే సాఫ్ట్‌వేర్‌ని సరదాకి వాడి చూసి, దారిన పోతూ ఒక తప్పు చెప్పినవాళ్లకి కూడా జీతం బాకీ ఉండదు. జవాబు బాకీ ఉంటుంది. వేళ పెట్టి, లెక్క పెట్టి చేయించుకున్న పరీక్షకి మాత్రం కూలి ఇవ్వాలి. అది కప్పులు, టీషర్టులు కాకుండా ఆ ఊళ్లో ఆ గంటకి గిట్టే డబ్బై ఉండాలి. లోపాన్ని విడదీసి చూపినవాడికీ, కంపెనీకి దొరకని యాసని తెచ్చిచ్చినవాడికీ అంతకన్నా ఎక్కువ ఇవ్వాలి. అక్కకి కూడా ఇదే చెప్పాను. "ఆ మాట ముందే చెప్పి చేయించుకోవాల గదా అబ్బయా" అంది. అంతే, ముందే చెప్పాలి.

ఆత్మకూరు, ఉదయగిరి, వింజమూరు కాలేజీల్లో ఇట్లాంటి పరీక్షల్లో చేరుతున్న పిల్లలకి ఒక మాట. ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేముందు ఆ ఒప్పందంలో ప్రతిఫలం అన్న మాట ఎక్కడుందో వెతికి చదవండి. పంపిన ప్రతి నివేదికకీ తేదీతో ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి. ఇన్ని వాక్యాలు, ఇన్ని రోజుల్లో అని పని అప్పగించిన రోజున, సిగ్గుపడకుండా, మర్యాదగా రేటు అడగండి. మా వాడు పోయిన నెలలో అడిగాడు. జవాబు ఇంకా రాలేదు. కొత్త వెర్షన్ మాత్రం వచ్చింది. అందులో ‘రొంత’ సరిగ్గానే పడుతోంది.